వినిపించింది ఎవరికి?

ప్రభుత్వ లైసెన్సుతో రేడియోను అభిరుచిగా నడిపే హ్యాములు భూగోళాన్ని గళ్లుగా కోసి, ప్రతి గడికీ ఒక పేరు పెట్టుకున్నారు. 1980లో ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్ ఊళ్లో జరిగిన సమావేశంలో ఈ పద్ధతి మీద ఒప్పందం కుదిరింది, ఆ ఊరి పేరే దానికి స్థిరపడింది. రెండు డిగ్రీల రేఖాంశం, ఒక డిగ్రీ అక్షాంశం కలిస్తే ఒక గడి. నంద్యాల దగ్గరి మన గోస్పాడు పడే గడి ఎంకే95. మన అక్షాంశాల దగ్గర అది తూర్పు పడమరలుగా సుమారు 215 కిలోమీటర్లు, ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లు ఉంటుంది. నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల, బనగానపల్లె, అహోబిలం అన్నీ అందులోవే. కర్నూలు దాని పడమటి అంచును ఆనుకుని లోపలే ఉంది. శ్రీశైలం మాత్రం పై గడి ఎంకే96లోకి, ప్రొద్దుటూరు కింది గడి ఎంకే94లోకి పోతాయి.

గడి పేరుతో మనకు పని ఉంది. దూరదేశపు స్టేషన్‌ను పట్టుకుని మాట్లాడటాన్ని హ్యాములు డీఎక్స్ అంటారు. ఈ నిమిషాన ఏ ఫ్రీక్వెన్సీలో ఎవరు వినిపిస్తున్నారో ప్రపంచమంతటా ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు డీఎక్స్ క్లస్టర్. అలా చెప్పే ఒక్కో కబురు ఒక స్పాట్. ఆ కబుర్లను అందుకుని ముందుకు పంపే కంప్యూటర్ ఒక నోడ్. ఇంటర్నెట్ మీద టెల్నెట్ అనే ప్రోగ్రామ్‌తో నోడ్‌కు వెళ్లి మీ కాల్‌సైన్, అంటే లైసెన్సుతో వచ్చిన గుర్తింపు అక్షరాలు, కొడితే చాలు, తెర మీద స్పాట్లు వరస వెంట వరస దొర్లుతూ ఉంటాయి.

కొత్తగా లైసెన్సు వచ్చినవాళ్లు ఆ వరసల్లో ఎక్కడో కరీబియన్ దీవి కాల్‌సైన్ చూసి ఆత్రంగా రేడియో ఆ ఫ్రీక్వెన్సీకి తిప్పుతారు. హోరు తప్ప ఏమీ ఉండదు. యాంటెన్నాను అనుమానిస్తారు, కేబులు మారుస్తారు. చాలాసార్లు లోపం అక్కడ లేదు. ఆ స్పాట్ పంపినవారు జర్మనీలో ఉన్నారు, దీవి వారికి వినిపించింది. స్పాట్‌లో ఉన్న సమాచారం అంతవరకే. వినిపించింది ఎవరికి, ఎక్కడి నుంచి విన్నారు అన్న ప్రశ్నకు జవాబు దొరకకపోతే మిగిలిన వరసంతా గోస్పాడువాసికి అక్కరకు రాదు. క్లస్టర్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఆదేశాల్లో ముఖ్యమైనవన్నీ ఆ ప్రశ్న చుట్టూనే పుట్టాయని నా అభిప్రాయం. అవి కీబోర్డు మీద రోమన్ అక్షరాల్లో కొట్టేవి. ఇక్కడ మాత్రం పలికే తీరులో రాస్తున్నాను.

ఒక స్పాట్ వరసలో ముందు విన్నవారి కాల్‌సైన్ ఉంటుంది. తర్వాత కిలోహెర్ట్జ్‌లలో ఫ్రీక్వెన్సీ, వినిపించిన స్టేషన్ కాల్‌సైన్, ఒక చిన్న వ్యాఖ్య, చివర సమయం. సమయం ఎప్పుడూ విశ్వ ప్రామాణిక కాలంలోనే ఉంటుంది. 1230 అని ఉంటే మనకు సాయంత్రం ఆరు గంటలు. వ్యాఖ్యలో 'అప్ 5' అని కనిపిస్తే ఆ స్టేషన్ తాను మాట్లాడే చోట కాక ఐదు కిలోహెర్ట్జ్‌ల పైన జవాబులు వింటోందని అర్థం. ఇది చదవకుండా నేరుగా ఆ ఫ్రీక్వెన్సీ మీదే పిలిస్తే, వింటున్న వందల మందికి ఆ స్టేషన్ వినపడకుండా చేసినవారవుతారు.

ఈ వ్యవస్థ ఇంటర్నెట్ కన్నా ముందుది. 1980ల చివర్లో అమెరికాకు చెందిన డిక్ న్యూవెల్ ప్యాకెట్‌క్లస్టర్ అనే ప్రోగ్రామ్ రాశారు. అప్పట్లో స్పాట్లు కూడా రేడియో మీదే, ప్యాకెట్ రేడియో అనే పద్ధతిలో, చాలాచోట్ల సెకనుకు 1200 బిట్ల వేగంతో నడిచేవి. ఆ వేగంలో ప్రతి అక్షరమూ ఖర్చే. అందుకే ఆదేశాలు అంత పొట్టిగా ఉంటాయి. 1990ల చివర్లో ఇంగ్లండుకు చెందిన డర్క్ కూప్‌మన్ పెర్ల్ భాషలో డీఎక్స్‌స్పైడర్ రాసి, దాన్ని ఉచితంగా అందరికీ ఇచ్చారు. పాతవాళ్ల చేతివేళ్లకు అలవాటైన ఆదేశాలను ఆయన అలాగే ఉంచారు. నేడు ప్రపంచంలో ఎన్నో నోడ్లు దాని మీదే నడుస్తున్నాయి. ఇక్కడ చెప్పేవి ఆ సాఫ్ట్‌వేర్ ఆదేశాలే.

నోడ్‌లోకి మొదటిసారి వెళ్లినప్పుడు చేయాల్సిన పని స్పాట్లు చూడటం కాదు. ముందు మీరెవరో, ఎక్కడున్నారో చెప్పాలి. సెట్/నేమ్ అని మీ పేరు, సెట్/క్యూటీహెచ్ అని మీ ఊరు, సెట్/క్యూఆర్ఏ అని మీ గడి. గడిని నాలుగు అక్షరాలతో ఆపకుండా ఆరు అక్షరాల దాకా ఇస్తే నోడ్ మీ ఊరిని కొద్ది కిలోమీటర్ల తేడాతో గుర్తిస్తుంది. అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే సెట్/లొకేషన్‌తో అవే ఇవ్వొచ్చు. చాలామంది ఈ పని చేయరు. చేయనివాళ్లకు ఆ తర్వాతి లెక్కలేవీ సరిగా రావు, ఎందుకంటే అవన్నీ మీ స్థానం నుంచే మొదలవుతాయి.

షో/హెడింగ్ ఆదేశం తీసుకోండి. దాని పక్కన ఒక దేశపు కాల్‌సైన్ ఆరంభాక్షరాలు ఇస్తే యాంటెన్నా ఎటు తిప్పాలో, దూరమెంతో చెబుతుంది. నంద్యాల ప్రాంతం నుంచి లండన్ దాదాపు 320 డిగ్రీల దిక్కున, సుమారు 7,900 కిలోమీటర్ల దూరంలో ఉంది. అంటే వాయవ్యం, ఇందులో ఆశ్చర్యం లేదు. న్యూయార్క్ అడిగితే మాత్రం ఉలిక్కిపడతారు. గోడ మీది పటంలో అమెరికా పడమర చివర ఉంటుంది. నోడ్ చెప్పేది 337 డిగ్రీలు, అంటే ఉత్తరానికి కాస్త పడమరగా. దూరం 13,150 కిలోమీటర్లు. గుండ్రటి భూమి మీద దగ్గరి దారి రష్యా మీదుగా, స్కాండినేవియా ఉత్తర భాగం మీదుగా, నార్వే సముద్రం మీదుగా పోతుంది. దారిలో ఒకచోట 67 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటుతుంది. న్యూజెర్సీలో ఉన్న పిల్లలతో హ్యామ్ రేడియోలో మాట్లాడాలనుకునే రాయలసీమ తల్లిదండ్రుల స్వరం ఆర్కిటిక్ వలయం అంచును తాకి పోవాలన్నమాట.

ఇక్కడే మరో రెండు ఆదేశాలు అర్థవంతమవుతాయి. ఉత్తర ధ్రువం చుట్టూ అరోరా వెలుగులు కనిపించే మండలం ఉంది. సూర్యుడి నుంచి వచ్చే కణాల ఉద్ధృతి పెరిగి భూ అయస్కాంత క్షేత్రం చెదిరినప్పుడు అక్కడి వాతావరణపు పైపొరలు షార్ట్‌వేవ్ తరంగాలను మింగేస్తాయి. ఆ చెదురుబాటును కొలిచే సూచికకు కే అని పేరు. అమెరికాలోని కొలరాడోలో ఉన్న డబ్ల్యూడబ్ల్యూవీ కాలప్రమాణ కేంద్రం నుంచి, జర్మనీలోని ఒక బీకన్ స్టేషన్ నుంచి సౌర ప్రవాహం, ఏ, కే సూచికలు క్లస్టర్‌కు అందుతుంటాయి. షో/డబ్ల్యూడబ్ల్యూవీ, షో/డబ్ల్యూసీవై అని అడిగితే తాజా అంకెలు తెర మీదికి వస్తాయి. కే అయిదో ఆరో దాటిన రోజున గోస్పాడు నుంచి న్యూయార్క్ దారి మూసుకుపోయే అవకాశం ఎక్కువ. అదే రోజు అండమాన్ దారి మామూలుగా తెరుచుకుని ఉండొచ్చు. పోర్ట్ బ్లెయిర్ ఇక్కడికి 1,600 కిలోమీటర్లే, ఆ దారి అరోరా మండలం ఛాయలకే పోదు.

షో/ఎంయూఎఫ్ అనేది ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మీ స్థానం, అవతలి దేశం, సౌర సూచికలు కలిపి, రాబోయే గంటల్లో ఏ బ్యాండ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీల పట్టీ, పనిచేయొచ్చో అంచనా వేస్తుంది. లెక్కలో వంద వాట్ల ట్రాన్స్‌మిటర్‌ను ఊహించుకుంటుంది. దాని అంచనా మన వైపు కొంత జాగ్రత్తగా చూడాలి. అయస్కాంత భూమధ్యరేఖ తిరునెల్వేలి దగ్గరగా పోతుంది. పగటివేళ ఆ రేఖ మీద అయాన్ల వాయువు పైకి లేచి, ఉత్తర దక్షిణాలకు జారి, మధ్య భారతం మీద దట్టమవుతుంది. మనం ఆ రెండింటి నడుమ ఉన్నాం. సాయంత్రం చీకటి పడ్డాక ఐనోస్ఫియర్ అనే ఈ అయాన్ల పొరల్లో కల్లోలం రేగుతుంది. ఇదంతా పుస్తకాల్లో ఇంత స్పష్టంగా ఉందంటే అందులో తెలుగునేల మీద జరిగిన కృషి కూడా ఉంది. వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావు ఐనోస్ఫియర్ పరిశోధనకు ఒక సంప్రదాయం ఏర్పరిచారు. తిరుపతి దగ్గరి గాదంకిలో 53 మెగాహెర్ట్జ్ మీద పనిచేసే పెద్ద రాడార్ దశాబ్దాలుగా ఈ పొరలను పరిశీలిస్తోంది. మన ఆకాశం మీద ఇంత శాస్త్రం ఇక్కడే జరిగిందని మన బడిపిల్లలకు చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇక వడపోత. క్లస్టర్‌లో ఒక రోజుకు వచ్చే స్పాట్లన్నీ చదవాలంటే మనిషి వల్ల కాదు. కె.సి. కెనాల్ కింద గోస్పాడు రైతు కాలువ నీళ్లన్నీ పొలంలోకి వదలడు, తూము దగ్గర కావలసినంతే మళ్లిస్తాడు. స్పైడర్‌లో ఆ తూము పని యాక్సెప్ట్/స్పాట్స్, రిజెక్ట్/స్పాట్స్ అనే రెండు ఆదేశాలది. ఇక్కడ కొత్తవాళ్లు తరచూ గందరగోళపడే తేడా ఒకటుంది. కాల్_జోన్ అంటే వినిపించిన స్టేషన్ ఉన్న ప్రాంతం. బై_జోన్ అంటే విన్నవారు ఉన్న ప్రాంతం. హ్యాములు ప్రపంచాన్ని నలభై జోన్లుగా విభజించారు. భారత్, శ్రీలంక, నేపాల్, భూటాన్, బంగ్లాదేశ్, మాల్దీవులు 22లో ఉన్నాయి. పాకిస్తాన్, గల్ఫ్ దేశాలు 21లో, మయన్మార్, థాయ్‌లాండ్, అండమాన్ 26లో. అరుదైన దేశాల వేటలో ఉన్నవారు సహజంగా కాల్_జోన్ వైపు పోతారు. నేనైతే ముందు యాక్సెప్ట్/స్పాట్స్ బై_జోన్ 21,22,26 పెట్టుకోమంటాను. అప్పుడు తెర మీద మిగిలే వరసలు తక్కువ. కానీ ఆ విన్నవాళ్లు మన పొరుగువాళ్లు, వాళ్ల ఆకాశం దాదాపు మన ఆకాశమే. వాళ్లకు వినిపించిన దీవి మనకూ వినిపించే అవకాశం గట్టిగా ఉంటుంది.

యాక్సెప్ట్ పెట్టిన మరుక్షణం దానికి సరిపోనివన్నీ ఆగిపోతాయని గుర్తుంచుకోవాలి. నియమాలు సున్నా నుంచి తొమ్మిది దాకా పది వరసల్లో పేర్చుకోవచ్చు. పెట్టినవి ఏమిటో మరిచిపోతే షో/ఫిల్టర్, అన్నీ తీసేయాలంటే క్లియర్/స్పాట్స్ ఆల్.

ఈ పొరుగు స్పాట్ల విలువ చెప్పే ఒక చక్కటి విషయం భౌతికశాస్త్రంలో ఉంది. 14 మెగాహెర్ట్జ్ తరంగం నేల వెంట కొంత దూరమే పోతుంది. మిగిలినది పైకి పోయి, నేలకు 250 నుంచి 400 కిలోమీటర్ల ఎత్తులో ఉండే ఎఫ్ పొర నుంచి వంగి, ఎక్కడో వందల వేల కిలోమీటర్ల అవతల దిగుతుంది. మధ్యలో తరంగం అందని మౌన వలయం మిగులుతుంది. గోస్పాడుకు హైదరాబాద్ సరిగ్గా ఆ వలయంలో పడుతుంది. కాబట్టి ఆ బ్యాండ్ మీద హైదరాబాద్ హ్యామ్ మాట మీకు సాధారణంగా వినపడదు, మీ మాట వారికి వినపడదు. అయినా మీ ఇద్దరికీ ఇటలీ ఒకేలా వినిపిస్తుంది! రేడియోలో పరస్పరం దొరకని ఆ ఇద్దరిని క్లస్టర్ కలుపుతుంది. ఒకరికొకరు నేరుగా చెప్పుకోవాలంటే టాక్ ఆదేశం ఉంది. నోడ్‌లో ఉన్నవాళ్లందరికీ చెప్పాలంటే అనౌన్స్, ప్రపంచమంతటికీ అయితే అనౌన్స్ ఫుల్. ఈ చివరిది ఎంత తక్కువ వాడితే అంత మర్యాద.

యంత్రాలు కూడా ఇప్పుడు స్పాట్లు పంపుతున్నాయి. 2008లో అలెక్స్ షోవ్‌కోప్లియాస్ రూపొందించిన సీడబ్ల్యూ స్కిమ్మర్ ప్రోగ్రామ్ ఒక బ్యాండ్‌లో వినిపించే మోర్స్ సంకేతాలన్నిటినీ ఒకేసారి చదివేస్తుంది. దాని ఆధారంగా, అలా వినే యంత్రాలను కలిపే రివర్స్ బీకన్ నెట్‌వర్క్ పుట్టింది. స్పైడర్‌లో సెట్/స్కిమ్మర్ అని కొడితే ఆ యంత్రాల కబుర్లు కూడా వస్తాయి. మనిషి స్పాట్‌లో లేని ఒక లాభం వాటిలో ఉంది. సంకేతం ఎంత బలంగా అందిందో డెసిబెల్‌లలో చెబుతాయి. మీరు కొత్త యాంటెన్నా కట్టి, మోర్స్‌లో రెండు నిమిషాలు సీక్యూ అని అందరినీ పిలిచి, మీ కాల్‌సైన్ ఎక్కడెక్కడ వినిపించిందో చూసుకోవచ్చు. అయితే ఈ యంత్రాలు యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ దట్టంగా ఉన్నాయి, మన వైపు పలుచగా ఉన్నాయి. కనుక తెర మీద కనిపించే ప్రపంచం వాళ్లకు వినిపించే ప్రపంచమే ఎక్కువగా ఉంటుంది. 22వ జోన్ నుంచి ఒక మనిషి విని పంపే స్పాట్‌కు ఇంకా విలువ ఉండటానికి కారణం ఇదే.

ఎవరు ఎక్కడి నుంచి విన్నారన్నది ఎంత ముఖ్యమో తెలుగువారికి బాగా తెలిసొచ్చిన సందర్భం 2004 డిసెంబరు. హైదరాబాద్‌లో 1983లో ఎస్. సూరి స్థాపించిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ, నయార్, అండమాన్‌కు ఒక బృందాన్ని పంపింది. భారతి ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే కాల్‌సైన్ డిసెంబరు 3న గాలిలోకి వచ్చింది. అంతకుముందు పదిహేడేళ్లుగా ఆ దీవుల నుంచి హ్యాముల స్వరం లేదు. ఆ ఒక్క స్టేషన్‌ను అందుకోవడానికి ఖండాల నిండా హ్యాములు నిద్ర మానుకున్నారు. ఇలాంటి వేళ షో/డీఎక్స్ వీయూ4 అని అడిగితే ఎక్కడెక్కడివాళ్లు ఏ గంటలో ఏ బ్యాండ్ మీద విన్నారో వరసగా వస్తుంది. ఆ జాబితాను ఓపికగా చదివినవారికి దీవి నుంచి ఏ ఖండానికి ఎప్పుడు దారి తెరుచుకుంటోందో అర్థమైపోతుంది. డిసెంబరు 26 ఉదయం భూకంపం, దాని వెనకే సునామీ వచ్చాయి. టెలిఫోన్లు మూగబోయిన దీవుల నుంచి అవే రేడియోలు ఆపదలో ఉన్నవారి క్షేమ సమాచారాన్ని మోశాయి. సరదా కోసం మోసుకెళ్లిన యాంటెన్నాలు ఆ రోజు అత్యవసర సేవకు పనికొచ్చాయి. ఈ అభిరుచికి ప్రభుత్వం లైసెన్సు ఎందుకిస్తుందో వివరించడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకలేదు.

ఇంతవరకూ చెప్పినవి వాడేవారి ఆదేశాలు. నోడ్‌ను నడిపే వ్యక్తిని సిసాప్ అంటారు. ఆ వ్యక్తి చేతిలో ఉండే ఆదేశాలు ఇంకో రకం. చిన్న లినక్స్ కంప్యూటర్ ఒకటి ఉండి, ఇంటర్నెట్ నిలకడగా ఉంటే నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో నోడ్ నడపడానికి అడ్డేమీ లేదు. పొరుగు నోడ్‌తో కలవడానికి కనెక్ట్, తెంచడానికి డిస్‌కనెక్ట్. అవతల ఉన్నది కూడా స్పైడరే అని చెప్పడానికి సెట్/స్పైడర్. కరెంటు పోయి నోడ్ కొంతసేపు ఆగి మళ్లీ లేచాక, ఆ మధ్య తప్పిపోయిన స్పాట్లను పొరుగు నోడ్ నుంచి తెప్పించుకోవడానికి మెర్జ్. మన ఊళ్ల కరెంటు సంగతి తెలిసినవాళ్లు ఈ చివరిదాని విలువ వెంటనే గ్రహిస్తారు.

పొరుగు నోడ్లు రెండు మూడు ఉన్నప్పుడు అసలు చిక్కు మొదలవుతుంది. ఒక స్పాట్ మొదటి దారిలో మీ నోడ్‌కు వచ్చింది, మీరు రెండో పొరుగుకు పంపారు, ఆ పొరుగు మూడో దారిలో మళ్లీ మీకే పంపింది. ఇలా గిరగిరా తిరిగితే క్షణాల్లో ఆ ఒక్క కబురే నెట్‌వర్క్‌ను నింపేస్తుంది. ప్యాకెట్‌క్లస్టర్ కాలంలో దీనికి భయపడి నోడ్లను కొమ్మలు మాత్రమే ఉండే చెట్టు ఆకారంలో కలిపేవారు. ఒక కొమ్మ విరిగితే దాని అవతలివారందరూ చీకట్లో పడేవారు. స్పైడర్ ప్రతి కబురునూ గుర్తుపెట్టుకుని, రెండోసారి వచ్చినదాన్ని పారేస్తుంది. ప్రతి కబురుకూ ఎన్ని గెంతులు వేయవచ్చో ఒక హద్దు కూడా ఉంటుంది, గెంతుకొకటి తగ్గి సున్నా కాగానే అది ఆగిపోతుంది. అందువల్ల నోడ్లను వలలా ఎన్ని దారులతోనైనా కలుపుకోవచ్చు.

మరో చిక్కు మనుషుల నుంచి వచ్చేది. లేని దేశాలను ఉన్నట్టు రాసేవారు, బూతులు పెట్టేవారు, వేరొకరి కాల్‌సైన్‌తో కబుర్లు పంపేవారు ఎప్పుడూ కొందరుంటారు. చాలా నోడ్లలో కాల్‌సైన్ కొడితే చాలు, లోపలికి రానిస్తారు. ఈ నమ్మకం వల్లే వ్యవస్థ ఇంత విస్తరించింది, దీనివల్లే ఇంత బలహీనంగానూ ఉంది. సెట్/బ్యాడ్‌డీఎక్స్ ఫలానా కాల్‌సైన్ గురించి వచ్చే స్పాట్లను ఆపుతుంది. సెట్/బ్యాడ్‌స్పాటర్ ఫలానావారు పంపేవాటిని, సెట్/బ్యాడ్‌నోడ్ ఫలానా నోడ్ నుంచి పుట్టేవాటిని, సెట్/బ్యాడ్‌వర్డ్ ఫలానా మాట ఉన్నవాటిని ఆపుతాయి. సెట్/లాకౌట్ అయితే ఆ మనిషిని నోడ్ గడప తొక్కనివ్వదు. నోడ్లు నిజమైన సభ్యులకే రాసే హక్కు ఇచ్చేలా రిజిస్ట్రేషన్, పాస్‌వర్డ్ ఏర్పాట్లు కూడా స్పైడర్‌లో ఉన్నాయి. అవి విరివిగా వాడకంలోకి రావాలనేది నా కోరిక.

అధికారాల విషయంలో స్పైడర్ రాసిన కూప్‌మన్ చాలా కచ్చితంగా ఉన్నారు. మామూలు సభ్యుల స్థాయి సున్నా. పొరుగు నోడ్‌కు ఇవ్వదగినది అయిదు. తొమ్మిది సిసాప్‌ది. బయటి నుంచి వచ్చే ఏ మనిషికీ ఏ నోడ్‌కూ తొమ్మిది ఇవ్వవద్దని సూచనల్లోనే పెద్ద అక్షరాల్లో హెచ్చరిక ఉంది. ఆర్‌సీఎండీ అనే ఆదేశంతో ఒక నోడ్ నుంచి మరో నోడ్ మీద ఆదేశాలు నడపవచ్చు గనక, ఉదారంగా ఇచ్చిన ఒక్క అంకె చాలు, ఎక్కడో ఉన్నవారు మీ కంప్యూటర్‌ను నడిపేయడానికి.

చివరగా స్పాట్ పంపడం. దీనికి డీఎక్స్ అని కొట్టి, ఫ్రీక్వెన్సీ, కాల్‌సైన్, రెండు మూడు మాటల వ్యాఖ్య రాయడమే. కాల్‌సైన్‌ను స్వయంగా, పూర్తిగా, వీలైతే రెండుసార్లు విన్నాకే రాయాలి. తెర మీద వేరొకరు రాసింది చూసి తిరిగి రాయకూడదు. అలా చేస్తే 22వ జోన్ నుంచి వెళ్లిన స్పాట్ నిజానికి జర్మనీ ఉన్న 14వ జోన్‌వారి మాటే అవుతుంది. దాన్ని నమ్మి శ్రీలంకలోనో నేపాల్‌లోనో రేడియో తిప్పినవారికి హోరు తప్ప ఏమీ దొరకదు. పంపిన స్పాట్‌ను వెనక్కి తీసుకునే ఆదేశం మామూలు సభ్యులకు లేదు. ఎంటర్ నొక్కిన కొద్ది క్షణాలకే అది ప్రపంచమంతటా ఉన్న నోడ్లకు చేరి, ఆ తెరల మీద మీ కాల్‌సైన్‌తో కనిపిస్తుంది.